చక్రాల్లేని సంచి

బేగంపేట మెట్రో స్టేషన్ బయట కాలిబాట మీద గళ్ళ రాళ్ళు పరిచారు. పొద్దున ఆఫీసుకు నడిచేటప్పుడు వెనక నుంచి ఎవరైనా చక్రాల సూట్‌కేసు లాక్కుంటూ వస్తే ఆ రాళ్ళ మీద టకటకమని ఒకటే చప్పుడు. నున్నటి నేల రాగానే ఆ చప్పుడు సన్నబడి సాఫీగా సాగుతుంది. మెట్ల దగ్గర ఒక్కసారిగా ఆగిపోతుంది. ఆ తర్వాత ఒక నిట్టూర్పు వినిపిస్తుంది. మొన్న ఆ నిట్టూర్పు విన్నప్పుడు వెనక్కి తిరిగి చూడకుండానే నవ్వుకున్నాను. వెంటనే, ఈ సంగతి చెప్పి నవ్వించడానికి శకుంతల టీచర్ లేరని గుర్తొచ్చింది.

"చక్రాల సంచి అబద్ధాలు చెప్తది," అనేవారు టీచర్. "నున్నటి నేల మీద నువ్వు మస్తు బలమున్నదానివి అంటది. మెట్టు రాంగనే నాకు సంబంధం లేదంటది."

ఆమె పోయి రెండు నెలలు దాటింది. సంతాపసభలో మాట్లాడమంటే నేను మాట్లాడలేదు. అక్కడ అందరూ అమృతమూర్తి, త్యాగమయి లాంటి మాటలు వాడుతున్నారు. ఆ మాటలు ఆమె చెవిన పడితే కళ్ళజోడు పైనుంచి చూసి "ఎవరు ఆమె?" అని అడిగేవారు. ఆమెను ఎరగనివాళ్ళకు ఆమె చేసిన పని చెబితే చాలనిపిస్తుంది. ఆమె ఆడవాళ్ళ చేత సంచులు సర్దించేవారు. ఆ సంచులు వాళ్ళ చేతనే మోయించేవారు. అంతే.

సికింద్రాబాద్‌లో నేను చదివిన ఆడపిల్లల బడిలో ఆమె హిందీ చెప్పేవారు. పొట్టి మనిషి. గట్టి నేత చీర, చేతికి గడియారం, వేరే నగ లేదు. వాళ్ళ కుటుంబం మోండా మార్కెట్ వెనక సందులో తాతల కాలం నుంచీ ఉంది. రిటైరయ్యాక ఒక్కరే కాశీకి వెళ్ళివచ్చారు. తిరిగొచ్చిన రోజు సందులో ఆడవాళ్ళంతా చుట్టుముట్టి, మొగుడూ కొడుకూ లేకుండా రైలెట్లా ఎక్కావని అడిగారట. "కాళ్ళతోని ఎక్కిన," అన్నారట టీచర్. మరుసటి ఏడు వాళ్ళలో కొందరిని వెంటబెట్టుకెళ్ళారు. అలా మొదలైంది. ఏడాదికి ఒకటో రెండో యాత్రలు, అన్నీ ఆడవాళ్ళతోనే. ఆ బృందానికి పేరూ బోర్డూ ఏమీ లేవు. మగవాళ్ళను ఎందుకు తీసుకెళ్ళరని ఎవరో అడిగితే, "వాళ్ళకు టికెట్ కొనుక్కునుడు వస్తది గదా, వాళ్ళే పోతరు," అన్నారు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక సాయంత్రం మోండా మార్కెట్‌లో కూరగాయలు కొంటుంటే వెనక నుంచి పాత గొంతు వినిపించింది. "ఏం పద్మా, కంప్యూటర్ల రైలు టికెట్లు తీసుడు వస్తదా నీకు?" బడిలో ప్రశ్న అడిగినట్టే అడిగారు. వచ్చనగానే చేతిలో ఉన్న తోటకూర కట్ట నాకిచ్చి "అయితే ఇంటికి రా," అన్నారు. ఆ రోజు నుంచి ఆమె యాత్రలకు టికెట్లు తీయటం, బసలు మాట్లాడటం, సెలవు దొరికితే వెంట వెళ్ళటం నా పనైంది. బదులుగా ఆమె నాకు ఏమిచ్చారో చెప్పాలంటే మా అమ్మ బదరీనాథ్ యాత్ర గురించి చెప్పాలి.

అమ్మ పేరు రాజేశ్వరి. పుట్టింది తణుకు దగ్గర పల్లెలో. నాన్నది కరెంటు ఆఫీసులో బదిలీల ఉద్యోగం. ఊళ్ళు తిరిగి తిరిగి చివరికి తిరుమలగిరిలో స్థిరపడ్డాం. ఎన్ని ఊళ్ళు మారినా ఇల్లంతా సర్దింది అమ్మే. పొత్రం నుంచి మా పరీక్ష అట్టల దాకా పాత చీరల్లో చుట్టి, గోనె సంచుల్లో కుట్టి, ఒక్క పింగాణీ జాడీ బీటలు వారకుండా కొత్త ఊరు చేర్చేది. సామాను సర్దటం గురించి ఆమెకు ఇంకొకరు చెప్పాల్సిందేముంటుందని మేము అనుకునేవాళ్ళం. ఆమె కూడా అలాగే అనుకునేది.

నాన్న పోయిన మరుసటి ఏడు, అమ్మ బదరీనాథ్ వెళ్తానంది. అన్నయ్య రవి మంచివాడే. అమ్మంటే ప్రాణం. ఆ ప్రాణంతోనే అడ్డం పడ్డాడు. "నీ మోకాళ్ళతో ఆ కొండలెక్కడమ్మా? వచ్చే ఏడు నేనే కారులో తీసుకెళ్తా," అన్నాడు. వచ్చే ఏడు అన్నది మా ఇంట్లో చాలా పాత మాట. నాన్న కూడా అదే అనేవారు. అమ్మ ఆ మాటకు ఎప్పుడూ తలూపేది. ఆ రోజు కూడా ఊపింది. కానీ వాడు వెళ్ళాక వంటింట్లోకి నన్ను పిలిచి గొంతు తగ్గించింది.

"దేవుడిదేముందే, ఎక్కడైనా ఉంటాడు. నాకు మంచు చూడాలని ఉంది. చిన్నప్పటి నుంచీ ఉంది. ఇది మీ అన్నకి చెప్పకు, నవ్వుతాడు."

నేను టీచర్‌కు చెప్పాను. ఆమె నవ్వలేదు. "మంచిగుంది. తీస్కరా, సంచి కొందాం," అన్నారు.

మోండా మార్కెట్ దగ్గర సంచుల దుకాణంలో అమ్మకు ఒక ఎర్రటి చక్రాల పెట్టె నచ్చింది. నలుగురిలోకి వెళ్ళేటప్పుడు చూడ్డానికి బాగుంటుందంది. టీచర్ కాదనలేదు. "బాగనే ఉన్నది. జెర ఎత్తి పట్టుకో," అన్నారు. "ఖాళీదే కదండీ," అంది అమ్మ. "అందుకే పట్టుకొమ్మంటున్న." అమ్మ పట్టుకుంది. టీచర్ దుకాణదారు వైపు తిరిగి వాళ్ళ కూతురి చదువు గురించి, మోకాలి నొప్పి గురించి, వాళ్ళ సందులో నీళ్ళ గురించి తీరిగ్గా మాట్లాడటం మొదలుపెట్టారు. అమ్మ చెయ్యి కొంచెం కొంచెంగా కిందికి జారుతోంది. కాసేపటికి "దింపెయ్యనా అండీ?" అంది. టీచర్ తల తిప్పకుండానే, "అప్పుడేనా? ఇంక రైలే రాలే," అన్నారు. దుకాణదారు తల పట్టుకున్నాడు. "టీచరమ్మా, మీరొస్తే నా దుకాణంల మంచి మాల్ ఒక్కటి అమ్ముడువోదు!" "మంచి మాల్ ఎయిర్‌పోర్టుకు పోయేటోళ్ళకు అమ్ము. మా తొవ్వ వేరే," అన్నారామె. చివరికి భుజానికి తగిలించుకునే గోధుమ రంగు క్యాన్వాస్ సంచి కొన్నాం. అమ్మ దాన్ని ఇంటికి తెచ్చేటప్పుడు ఎర్ర పెట్టె ఉన్న వైపు ఇంకోసారి చూసింది.

టీచర్ పద్ధతి ఒకటుండేది. యాత్రకు నెల ముందు ఒక ఆదివారం పొద్దున, వెళ్ళేవాళ్ళంతా సర్దుకున్న సంచితో సికింద్రాబాద్ స్టేషన్‌కు రావాలి. ఒకటో ప్లాట్‌ఫారం దగ్గర వంతెన మెట్లెక్కి, అవతల బోయిగూడ వైపు దిగాలి. ఎవరి సంచి వాళ్ళే మోయాలి. మధ్యలో ఆగొచ్చు, భుజం మార్చుకోవచ్చు, ఎంతసేపైనా పట్టొచ్చు. ఇంకొకరి చెయ్యి మాత్రం సంచి మీద పడకూడదు. తోడొచ్చిన కొడుకులూ కోడళ్ళూ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడాలి. ఎర్ర చొక్కాల కూలీలు దూరం నుంచి అరిచేవారు: "టీచరమ్మా, అందరు గిట్ల నేర్చుకుంటే మేమేం తినాలె?" "మీ అమ్మను సుత పంపు, నేర్పిస్త," అని ఆమె అరిచేవారు.

మొదటి ఆదివారం అమ్మ కొత్త చీర కట్టుకుని వచ్చింది. సంచి జిప్పు పగిలేలా ఉంది. అది చాలక చేతిలో రెండు గుడ్డ సంచులు. మొదటి మలుపు దాకా ఎక్కింది. అక్కడ గోడకానుకుని నిలబడిపోయింది. ముఖం ఎర్రబడింది. పై మెట్టు మీద కాలు పెట్టింది, వెనక్కి తీసింది. నా చెయ్యి దానంతటదే ముందుకు వెళ్ళింది. "పద్మా, చేతులు ఎనక్కి," అన్నారు టీచర్. గొంతు పెంచలేదు. అమ్మ ఇంకో రెండుసార్లు ప్రయత్నించి, సంచి మెట్టు మీద దించేసింది.

టీచర్ ఆమె పక్కన మెట్టు మీదే కూర్చున్నారు. "జెర చూడనీ, ఏం పెట్టినవో," అని అడిగి జిప్పు తీశారు. ఆవకాయ జాడీ, గోంగూర పచ్చడి, కందిపొడి, కారప్పొడి, సున్నుండల డబ్బా, జంతికల డబ్బా, అప్పడాలు, వేయించుకోవటానికి చిన్న మూకుడు. మెట్ల మీద అందరూ ఆగి చూస్తున్నారు. మోండా మార్కెట్‌లో గాజుల దుకాణం నడిపే భాగ్యమ్మ మా బృందంలో పెద్ద నోరు. ఆమె ఊరుకోలేకపోయింది. "ఏందమ్మా రాజేశ్వరమ్మా, బదరీనాథ్‌ల హోటల్ పెడ్తున్నవా?"

అందరూ నవ్వారు. అమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అంతమంది ఉంటారు కదండీ. చేతులూపుకుంటూ ఎలా రానూ? మా వైపు అలా ఎవరూ రారు," అంది.

టీచర్ నవ్వలేదు. "ఇదంత మాకు. నీది ఏది?" అని అడిగారు.

అమ్మ సంచిలోకి చూసింది. అడుగున రెండు చీరలున్నాయి, మడతల్లో ఆవకాయ నూనె మరక పడి. "నాదా?" అంది. "నాకేం కావాలండీ, ఏదో ఒకటి సరిపోతుంది."

"ఏదో ఒకటి అక్కడ దొరకదు, రాజేశ్వరమ్మా. చలి, కొండ, కొత్త జాగ. నీకేం కావాల్నో నీకు ఎర్క లేకపోతే నాకెట్ల ఎర్క అయితది?" టీచర్ జిప్పు మళ్ళీ మూశారు. "పదిహేను రోజులకు ఇంకోసారి నడుస్తం. అప్పటికి నీది ఏందో తేల్చుకో. కాకపోతే వచ్చే ఏడు."

వచ్చే ఏడు. ఆ మాట ఆమె నోట వినగానే నాకు ఒళ్ళు మండింది. ఆమె యాత్రలకు నేను చేస్తున్న చాకిరీ అంతా గుర్తొచ్చింది. ఇంటికెళ్ళాక అమ్మ పచ్చళ్ళు తీసి ఎక్కడివక్కడ పెట్టింది. అన్నయ్య ఫోనులో విని ఊపిరి పీల్చుకున్నాడు. "పోనీలే అమ్మా, ఒకందుకు మంచిదే అయింది," అన్నాడు. అమ్మ ఎప్పటిలాగే తలూపింది, ఫోనులో వాడికి కనపడదని తెలిసి కూడా.

మర్నాడు సాయంత్రం టీచర్ సిటీ బస్సులో మా ఇంటికొచ్చారు. నేను సరిగ్గా పలకరించలేదు. ఆమె పట్టించుకోలేదు. నేరుగా వంటింట్లోకి వెళ్ళి పీట వేసుకుని, "ఆ లడ్డూలేవో ఉండె గదా, తీయి," అన్నారు. అమ్మ సున్నుండలు పెట్టింది. ఒకటి తిన్నారు, రెండోది తీసుకున్నారు. "మస్తుగున్నయి. ఇవి ఇంట్ల కూసొని తినేటివి. రైల్ల తింటే వీటికి మర్యాద కాదు," అన్నారు. అమ్మ ముఖం కొంచెం విప్పారింది. అప్పుడు తన రెండో పద్ధతి చెప్పారు.

"ఇయ్యాల్టి సంది ఈ ఇంట్లనే నువ్వు యాత్రల ఉన్నట్టు. వండు, అందరికీ పెట్టు, అది వేరే. నీకు కావాల్సింది మాత్రం సంచిలకెల్లి తీస్కోవాలె. బీరువా ముట్టొద్దు. సంచిల లేదనుకో, అప్పుడు పోయి తెచ్చి దాంట్ల పెట్టు. వారం అయినంక చూడు. ఏది బయటికి రాలేదో అది నీది కాదు."

"సొంతింట్లో సంచిలోంచి బతకటమేంటండీ?" అంది అమ్మ. "చూసినవాళ్ళు నవ్వరూ?"

"నవ్వనీ. నవ్వెటోళ్ళు ఎవ్వరు మన సంచి మొయ్యరు."

వెళ్ళేటప్పుడు గేటు దగ్గర నాతో, "కోపం ఉంటే ఉండనీ. టికెట్ మాత్రం రద్దు చెయ్యకు," అన్నారు.

ఆ వారం మా ఇంట్లో జరిగినవి చెబితే చిన్న విషయాల్లాగే ఉంటాయి. మొదటి రోజు సంచిలో రెండు చీరలు, ఒక తువ్వాలు, మందులు తప్ప ఏమీ లేవు. సాయంత్రం అమ్మ మంచం మీద కూర్చుని సంచి ఒళ్ళో పెట్టుకుని, తప్పు చేసినదానిలా, "పద్మా, నాకు రాత్రిళ్ళు పాదాలు చల్లబడిపోతాయే," అంది. ఎప్పటి నుంచి అని అడిగాను. "ఎప్పుడూ అంతే. మీ నాన్న ఉన్నప్పుడు కూడా అంతే. కుచ్చిళ్ళలో దూర్చుకుని పడుకుంటా." ఆ ఇంట్లో ఆమెతో పాటు ఇన్నేళ్ళు ఉన్నాను. నాకు తెలియదు. మరుసటి రోజు చెప్పులు తొడుక్కోవటానికి వీలుగా బొటనవేలు విడిగా ఉన్న ఉన్ని మేజోళ్ళు తెచ్చాను. అమ్మ వాటిని తొడుక్కుని ఇల్లంతా రెండు చుట్లు తిరిగింది. సంచిలో పెట్టింది.

తర్వాత టీ సంగతి వచ్చింది. సంచిలో గ్లాసు లేదు కాబట్టి టీ తాగకూడదు. తన గ్లాసు తెచ్చుకోవాలి. తీరా చూస్తే ఆమెకంటూ గ్లాసు లేదు. అందరికీ పోశాక ఏది మిగిలితే దాంట్లో తాగేది. ఒక్కోసారి గిన్నెలోనే. వంటింటి అరల ముందు నిలబడి చాలాసేపు ఎంచింది. చివరికి మడత అంచున్న చిన్న స్టీలు గ్లాసు తీసుకుంది. అంచు పెదవికి కాలదని చెప్పింది. ఆ ఆదివారం అన్నయ్య వచ్చి సోఫాలో కూర్చుంటూనే అలవాటుగా, "అమ్మా, టీ," అన్నాడు. వంటింట్లోంచి జవాబొచ్చింది: "ఉండరా, ముందు నాది తాగనీ." అన్నయ్య నా వైపు చూశాడు. ఇంట్లో ఏదో మారిందని వాడికి అప్పుడే తెలిసింది.

టార్చిలైటు చేరింది. కొత్త చోట చీకట్లో స్నానాలగది వెతుక్కోవాలంటే ఆమెకు భయమట. అదీ నాకు తెలియదు. సన్నటి శాలువా చేరి, దళసరి దుప్పటి బయటికొచ్చింది. పెద్ద పూజ సామాను తీసేసి చిన్న పటం పెట్టుకుంది. తీసెయ్యటం కంటే పెట్టుకోవటమే ఆమెకు కష్టమైందని నాకు అనిపించింది. ఒక్కో వస్తువు పెట్టేటప్పుడు ఎవరో అడ్డం చెబుతారేమోనన్నట్టు చుట్టూ చూసేది. వారం చివరికి ఆ చూడటం మానేసింది.

రెండోసారి నడిచే ఆదివారం అన్నయ్య కూడా స్టేషన్‌కు వచ్చాడు. అమ్మ వల్ల కాకపోతే ఇంటికి తీసుకెళ్ళటానికి వచ్చానన్నాడు. టీచర్ వాణ్ణి ఎగాదిగా చూసి, "మంచిగ ఎత్తున్నవు. చేతులు ఎనక్కి కట్టుకో," అన్నారు. బ్యాంకులో మేనేజరుగా పదిమందికి పని చెప్పే మనిషి బడిపిల్లాడిలా చేతులు కట్టుకున్నాడు. అమ్మ సంచి భుజాన వేసుకుంది. ఒక చేత్తో కమ్మీ పట్టుకుని ఎక్కటం మొదలుపెట్టింది. మొదటి మలుపు దగ్గర ఆగింది. అన్నయ్య ఒక అడుగు ముందుకేశాడు. అమ్మ వెనక్కి తిరక్కుండానే, "అక్కడే ఉండరా," అంది. భుజం మార్చుకుంది. ఎక్కింది. వంతెన మీద రైళ్ళ కోసం పరుగెత్తేవాళ్ళు ఆమెను తప్పించుకుని పోతున్నారు. ఆమె తన నడకలో తాను నడిచింది, వెనక మేము. అవతల మెట్లు దిగి, సంచి కింద పెట్టి, నడుము మీద చేతులుంచుకుని ఊపిరి తీసుకుంది. మాకంటే ముందు చేరిన భాగ్యమ్మ చప్పట్లు కొడుతూ అడిగింది:

"ఏమాయె, హోటల్ బంద్ చేసినవా?"

"మూసేశానండీ," అంది అమ్మ. "ఇక మీరే నాకు పెట్టాలి."

అందరికంటే గట్టిగా నవ్వింది భాగ్యమ్మే. అన్నయ్య చేతులు ఇంకా వెనకే ఉన్నాయి, విప్పటం మర్చిపోయాడు. టీచర్ పొగడలేదు. "సంచి తడవకుండ లోపల ప్లాస్టిక్ కవరు వేస్కో," అని చెప్పి తర్వాతి ఆమె వైపు తిరిగారు.

వానలు వెనకబట్టాక బయల్దేరాం. బదరీనాథ్ దారిలో జోషిమఠ్ దాటిన తర్వాత కొండచరియ విరిగి రోడ్డు మీద పడింది. బస్సు ముందుకు పోదు. అవతల ఇంకో బస్సు నిలబడి ఉంది. మధ్యలో మట్టీ రాళ్ళూ తొలగించి మనిషి పట్టేంత దారి చేశారు. ఒక పక్క కొండ, ఇంకో పక్క కింద నది హోరు. మా ముందున్న బస్సులవాళ్ళు పెట్టెల మీద కూర్చుని మోసేవాళ్ళ కోసం ఎదురుచూస్తున్నారు. మావాళ్ళు సంచులు భుజాలకెత్తుకుని వరసలో నిలబడ్డారు. ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. టీచర్ నన్ను అందరికంటే ముందు నడవమన్నారు. తను ఎప్పటిలా అందరికంటే వెనక ఉన్నారు. ఆమె ముందు అమ్మ.

నేను అవతలికి చేరి వెనక్కి చూశాను. వరస మొత్తం దాటుతోంది. చివర్లో టీచర్ ఆగిపోయారు. అప్పటికే డెబ్భై దాటిన మనిషి. ఆ ఎత్తులో గాలి చాలటం లేదు. ఒక చెయ్యి కొండకు ఆనించి వంగి నిలబడ్డారు. నేను వెనక్కి వెళ్ళటానికి దారి లేదు, ఎదురుగా మనుషులున్నారు. ఆమె సంచి ఎవరైనా అందుకుంటే బాగుండునని నాకనిపించింది. అందుకోనివ్వరని కూడా తెలుసు. అంతలో అమ్మ ఆగి, తిరిగి, రెండడుగులు వెనక్కి వేసింది. అక్కడేం మాట్లాడుకున్నారో వాళ్ళ ముందున్న భాగ్యమ్మ తర్వాత ఎంతమందికి చెప్పిందో లెక్కలేదు.

"మీ సంచి నేను పట్టనండీ, అది మీ రూలు," అందట అమ్మ. "చెయ్యి మాత్రం ఇస్తాను. పట్టుకోండి."

టీచర్ పట్టుకున్నారు. ఇద్దరూ చిన్న చిన్న అడుగులతో వచ్చారు. అమ్మ ముందు, టీచర్ వెనక, ఇద్దరి భుజాలకూ ఎవరి సంచి వాళ్ళకి. కూలి పని చేస్తున్న కుర్రాళ్ళు పారలు ఆపి దారిచ్చారు. ఇవతలికి రాగానే మా ఆడవాళ్ళు కేకలు పెట్టారు. టీచర్ ఒక రాయి మీద కూర్చుని నీళ్ళు తాగి, ఊపిరి కుదుటపడ్డాక కళ్ళజోడు పైనుంచి అమ్మను చూశారు.

"నా రూల్ నాకే చెప్తున్నవా?"

"మీ దగ్గరే కదండీ నేర్చుకుంది."

టీచర్ అంత గట్టిగా నవ్వటం నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు.

మర్నాడు పొద్దున బదరీనాథ్‌లో బస గది బయటికొచ్చేసరికి అమ్మ అప్పటికే మెట్ల మీద కూర్చుని ఉంది. ఉన్ని మేజోళ్ళు, చెప్పులు, శాలువా, చేతిలో తన గ్లాసులో టీ. ఎదురుగా కొండ మీద మంచు. ఎండ శిఖరం మీద పడి మెల్లగా కిందికి దిగుతోంది. నేను పక్కన కూర్చున్నా ఆమె నా వైపు చూడలేదు. టీ అయిపోయాక చెప్పింది: "మీ అన్నకి ఫోన్ చెయ్యి. నేను మంచు చూడటానికే వచ్చానని చెప్పు." ఆ మాట చెబితే అన్నయ్య నవ్వలేదు. ఎలా ఉందని అడిగాడు. నేను ఫోను అమ్మకిచ్చాను.

ఆ తర్వాత అమ్మ టీచర్‌తో చాలా ఊళ్ళు తిరిగింది. ప్రతిసారీ సంచి కొంచెం మారేది. ఏం మార్చిందో నన్ను అడిగేది కాదు. టీచర్ మా ఇంటికి సున్నుండల కోసం వచ్చేవారు, పీట మీద కూర్చుని తినేవారు, ఇద్దరూ భాగ్యమ్మ గురించి చెప్పుకుని నవ్వేవారు. చివరి రెండేళ్ళు టీచర్ వంతెన ఎక్కలేకపోయారు. కింద బెంచీ మీద కూర్చుని చూసేవారు. "నేనిప్పుడు ఫెయిల్. నన్ను తీస్కపోకు," అని తనే నాకు చెప్పారు. బతిమాలినా వినలేదు. తనకు వేరే రూలు పెట్టుకోలేదు.

ఆమె నాకు ఇచ్చింది అమ్మనే అనుకుంటాను. వండి పెట్టే అమ్మ నాకు ముందే ఉంది. పాదాలు చల్లబడే మనిషి, చీకటంటే భయపడే మనిషి, మంచు చూడాలనుకున్న మనిషి నాకు ఆ వారంలోనే దొరికింది. దానితో పాటు ఇంకొకటి కూడా ఇచ్చారు. ఇష్టమైనవాళ్ళు కష్టపడుతున్నప్పుడు చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడటం. అది ఇప్పటికీ నాకు సులువుగా రాదు. ప్రతిసారీ కొత్తగా నేర్చుకోవాల్సి వస్తుంది.

పోయిన ఆదివారం ఆమె లేకుండా మొదటిసారి నడిచాం. రూలు కూడా ఆమెతోనే పోయిందని కొందరు అనుకున్నారు. బోయినపల్లి నుంచి ఒకావిడ కొత్తగా వచ్చింది. మనిషి బొద్దుగా ఉంది, భుజాన నీలం సంచి. కొడుకు నా దగ్గరకొచ్చి బతిమాలాడు. "మేడం, మా అమ్మకు షుగరున్నది. ఇయ్యాల ఒక్కరోజు నేను పట్టుకుంట. ఏమైతది?" అబ్బాయి కళ్ళలో ఉన్నది నిజమైన దిగులు. నాకు జాలేసింది. "చేతులు వెనక్కి పెట్టుకో నాయనా," అన్నాను. పైకెళ్ళి మెట్ల చివర నిలబడ్డాను. ఆవిడ ఎక్కుతోంది. మలుపు దగ్గర ఆగింది. సంచి దించి, జిప్పు తీసి, లోపల్నుంచి ఏదో బరువైన డబ్బా తీసి రెండు మెట్లు కిందున్న కొడుకు చేతిలో పెట్టింది. "ఇది నీకు తెచ్చిన, నువ్వే తిను," అంది. మళ్ళీ సంచి ఎత్తుకుంది. ఒక్కో మెట్టూ ఎక్కుతూ వస్తోంది. నేను కదలటం మర్చిపోయి ఆమెనే చూస్తున్నాను. ఆఖరి మెట్టు మీదికి వచ్చి, చెమట తుడుచుకుని, నా ముఖంలోకి చూసింది.

"ఏందమ్మా, తొవ్వకడ్డం నిలబడ్డవు? జరుగు."

నేను జరిగాను.